ఆర్‌ఎక్స్ 100: ఎండలో ప్లగ్ తెల్లబడుతోంది, మెయిన్ జెట్ ఎంత పెంచాలి?

అనంతపురం, కర్నూలు, కడప వైపు టూ స్ట్రోక్ పని తెలిసిన అన్నలకు నమస్కారం.

బండి 98 సీసీ. పోర్టులు, సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ అన్నీ స్టాకే. పొద్దున చల్లపూట ప్లగ్ ఇటుక రంగులో ఉంటుంది. మధ్యాహ్నం 42 డిగ్రీల్లో నాలుగో గేర్లో కిలోమీటరు ఫుల్ థ్రాటిల్ లాగి, క్లచ్ పట్టి వెంటనే తాళం ఆపి విప్పితే, పింగాణీ అడుగున రింగు తెల్లగా ఉంటోంది, అంటే మిశ్రమం లీన్ (గాలికి తగినంత పెట్రోలు లేదు).

నాకు చిక్కనిది ఇదే. వేడి గాలి పలచన, అంటే మిశ్రమం రిచ్ (పెట్రోలు ఎక్కువ) కావాలి గదా! అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానం సుమారు 4,200 అడుగుల ఎత్తు, గాలి పలచన కాబట్టే అక్కడ స్పీడు రికార్డులకు పోయే కార్బ్యురేటర్ బండ్లకు జెట్ (పెట్రోలు వదిలే రంధ్రం) సైజు తగ్గిస్తారు. ఇక్కడ తిరగబడింది.

పైపు తీసి కొలిస్తే పెట్రోలు నిమిషానికి 210 మి.లీ. వస్తోంది, ట్యాంకు మూత తెరిచినా అంతే. కాబట్టి మూత రంధ్రం, కాక్ బాగున్నట్టే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మ్యానిఫోల్డ్ చుట్టూ స్ప్రే కొట్టినా ఐడిల్ మారలేదు, అంటే అక్కడ గాలి లీకు లేనట్టే. ఆయిల్ పంపు కేబుల్ గుర్తు సరిగానే ఉంది. మిగిలినవి రెండే అనుమానాలు: వేడెక్కాక మ్యాగ్నెట్ వైపు క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు సీల్) గాలి పీల్చడం, లేదా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు. ఇథనాల్‌కు తక్కువ గాలి చాలు, కాబట్టి పాత జెట్‌తో లీన్ అవుతుంది. కానీ ఈ20 ఒక్కటే కారణమైతే పొద్దున కూడా తెల్లబడాలి.

ముందు సీల్ మార్చాలా, జెట్ ఒక సైజు పెంచాలా? సీల్ వేడిలోనే లీకవుతుందని ఇంజను విప్పకుండా తేల్చే పద్ధతి ఉందా? పిస్టన్ పట్టేస్తుందని భయంగా ఉంది, అంతవరకు సగం థ్రాటిల్ దాటించడం లేదు.