స్టేజీ ఎల్‌ఈడీలో తెలుగు అక్షరాలు మసకగా వస్తున్నాయి, మ్యాపింగ్ ఎలా?

కావలి నుంచి:
అన్నలూ, పెళ్లి రిసెప్షన్లకు పీ3.91 (పిక్సెల్‌కి పిక్సెల్‌కి మధ్య 3.91 మిల్లీమీటర్లు) ప్యానెళ్లతో మధ్యలో 6 బై 3 మీటర్ల గోడ, అటూ ఇటూ అర మీటరు వెడల్పు స్తంభాలు కడుతున్నాం. రెజల్యూమ్ అరీనా అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో స్లైసులు (వీడియోలో ఏ ముక్క ఏ తెరకి వెళ్లాలో చెప్పే పెట్టెలు) మౌస్‌తో లాగి సరిచేస్తే వీడియో బాగానే ఉంటుంది గానీ, పెళ్లికూతురు పేరు వేస్తే ఒత్తులు కలిసిపోతున్నాయి.

ఒంగోలు నుంచి:
మౌస్ వద్దు తమ్ముడూ, అంకెలు టైప్ చెయ్యి. 500 మిల్లీమీటర్ల క్యాబినెట్‌కి (ఒక్కో ప్యానెల్ పెట్టెకి) 128 బై 128 పిక్సెళ్లు, కాబట్టి గోడ 1536 బై 768, ఒక్కో స్తంభం 128 బై 768. మూడూ పక్కపక్కన పెడితే వెడల్పు 1792, అంటే 1920 బై 1080లో హాయిగా పడతాయి. గోడ ఎడమ అంచు 0 దగ్గర, స్తంభాలు 1536, 1664 దగ్గర. ఇన్‌పుట్ స్లైసు, అవుట్‌పుట్ స్లైసు ఒకే కొలతలో ఉండాలి. అర పిక్సెల్ జరిగినా పక్కపక్క పిక్సెళ్ల రంగులు కలిసిపోతాయి, నీ ఒత్తులు పోయేది అక్కడే.

నెల్లూరు నుంచి:
ప్రాసెసర్‌లో (కంప్యూటర్ వీడియోని ప్యానెళ్లకి పంపే పెట్టెలో) స్కేలింగ్, అంటే బొమ్మని సాగదీయడం, కుదించడం కూడా ఆపు. నోవాస్టార్ కంపెనీ ప్రాసెసర్‌లో ప్యానెళ్లకి వెళ్లే ఒక్కో కేబుల్ పోర్టుకి 60 హెర్ట్జ్, 8 బిట్ దగ్గర ఆరున్నర లక్షల పిక్సెళ్లే, నీకు మొత్తం 13.76 లక్షలు, అంటే మూడు పోర్టులు కావాలి. రెండుతో సర్దుకుందామని చూడొద్దు. తర్వాత ఒక పిక్సెల్ మందం గీతల గ్రిడ్ వేసి దగ్గరికెళ్లి చూడు, గీత ఒక్క వరుసలోనే వెలగాలి. రెండు వరుసల్లో మసగ్గా వెలిగితే ఇంకా ఎక్కడో స్కేలింగ్ ఉన్నట్టే.

ఒంగోలు నుంచి:
సన్న ఫాంటు కూడా వద్దు. ఒత్తు గీతకి కనీసం మూడు పిక్సెళ్ల మందం ఉంటేనే వెనక కుర్చీల వాళ్లకి పేరు చదవొస్తుంది.