చర్చ: 1942 ఏప్రిల్ 4న కేటలీనా పంపిన కబురు సిలోన్‌ను నిజంగా కాపాడిందా?

పాతమ్యాపులు (చర్చ మొదలుపెట్టినవారు)

రెండో ప్రపంచయుద్ధంలో హిందూ మహాసముద్రం గురించి ఎక్కడ చదివినా ఒక పేరు తగులుతుంది. లియొనార్డ్ బర్చల్, కెనడా వాయుసేన 413 స్క్వాడ్రన్. 'సిలోన్ రక్షకుడు' అని బిరుదు.

తెలియనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) దక్షిణ తీరంలో కొగ్గల సరస్సు మీద కేటలీనాల స్థావరం ఉండేది. రెండు ఇంజన్ల గస్తీ విమానం, నీళ్ళ మీదే దిగుతుంది, నీళ్ళ మీది నుంచే లేస్తుంది. బర్చల్ ఏప్రిల్ 2న అక్కడికి చేరాడు. 4న తెల్లవారకముందే మొత్తం తొమ్మిది మంది గస్తీకి బయలుదేరారు. సాయంత్రం నాలుగు ప్రాంతంలో, సిలోన్‌కు ఆగ్నేయంగా దాదాపు 350 మైళ్ళ దూరంలో, దక్షిణాన చుక్కలు కనిపించాయి. దగ్గరికి వెళ్తే జపాన్ అడ్మిరల్ నగుమో నౌకాదళం, ఐదు విమానవాహక నౌకలతో. రేడియోలో కబురు పంపుతుండగానే జీరోలు (జపాన్ యుద్ధ విమానాలు) చుట్టుముట్టి కూల్చేశాయి. ముగ్గురు చనిపోయారు. మిగతా ఆరుగుర్ని ఇసోకజే అనే డిస్ట్రాయర్ పట్టుకుపోయింది. యుద్ధం అయ్యేదాకా ఖైదు.

నా వాదన సూటిగా చెబుతాను. ఆ కబురు సిలోన్‌ను కాపాడలేదు. మర్నాడు, ఈస్టర్ ఆదివారం పొద్దున, జపాన్ విమానాలు కొలంబో మీదికి వచ్చేసరికి కొలంబో పక్కనే ఉన్న రత్మలాన విమానాశ్రయంలో 30వ స్క్వాడ్రన్ హరికేన్లు (బ్రిటిష్ యుద్ధ విమానాలు) ఇంకా నేల మీదే ఉన్నాయి. ముందురోజు సాయంత్రమే తెలిసి కూడా! బ్రిటిష్ వాళ్ళు పదిహేనుకు పైగా యుద్ధ విమానాలు పోగొట్టుకున్నారు, జపాన్‌కు పోయినవి 7. ఓడరేవులో హెక్టర్, టెనెడోస్ అనే బ్రిటిష్ నౌకలు మునిగాయి. పైగా ఆ కబురు వినే డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూయిజర్లు 4వ తేదీ రాత్రి కొలంబో వదిలి బ్రిటిష్ నౌకాదళాధిపతి అడ్మిరల్ సోమర్విల్‌ను కలవడానికి సముద్రంలోకి వెళ్ళాయి. 5న మధ్యాహ్నం జపాన్ డైవ్ బాంబర్లకు దొరికిపోయాయి. 424 మంది పోయారు. రేవులోనే ఉంటే బతికేవేమో.

అంత నెమ్మది విమానాన్ని పట్టపగలు ఒంటరిగా పంపడం, ఆ తర్వాత ఆ చావులకు బిరుదులు తగిలించడం నాకు బాధ కలిగిస్తుంది. మీరేమంటారు?

డాల్ఫిన్‌నోస్

మాది విశాఖ, వన్‌టౌన్. మీ ప్రశ్న నన్ను వేరే దారిలో తాకింది. ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు మా ఊరి మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అది నగుమో దళం కాదు, ఒజావా దళం. బంగాళాఖాతంలో ఆ రెండు మూడు రోజుల్లో 20కి పైగా వాణిజ్య నౌకల్ని ముంచింది వీళ్ళే.

మా అమ్మమ్మకు అప్పుడు పదకొండేళ్ళు. మోత వినగానే మనవే అనుకుని జనం వీధిలోకొచ్చి తలలెత్తి చూశారని చెప్పేది. రేవు వైపు పొగ లేచాక పరుగులు. ఆ రాత్రే వాళ్ళు బండి కట్టించుకుని విజయనగరం వైపు వెళ్ళిపోయారు. పొయ్యి మీద అన్నం గిన్నె అలాగే వదిలేసి వచ్చామని చివరిదాకా చెప్పుకుంది. వాళ్ళ అమ్మ దారి పొడుగునా ఆ అన్నం గురించే ఏడ్చిందట.

ఒక రాత్రి ముందు తెలిస్తే ఏం మారుతుంది అని అడిగేవాళ్ళు మా అమ్మమ్మను అడిగి ఉండాల్సింది. కొలంబోకు ఆ ఒక్క రాత్రి దొరికింది. కదలగలిగిన ఓడలు చాలా మట్టుకు రేవు ఖాళీ చేశాయి. దాడికి నాయకత్వం వహించిన ఫుచిదా పెర్ల్ హార్బర్‌కు వెళ్ళినవాడే. అక్కడ దొరికినట్టు ఇక్కడా రేవు నిండా యుద్ధనౌకలు దొరుకుతాయని వచ్చారు. దొరకలేదు.

పాతమ్యాపులు

డాల్ఫిన్‌నోస్ గారూ, అమ్మమ్మ గారి మాట చదివి కాసేపు ఆగిపోయాను. కానీ ఒకటి గమనించండి. సోమర్విల్ ప్రధాన దళం కొలంబోలో లేకపోవడానికి కారణం బర్చల్ కాదు. దాడి ఏప్రిల్ 1 ప్రాంతంలో వస్తుందని నిఘా సమాచారం ముందే ఉంది. సోమర్విల్ ఎదురుచూసి, ఏమీ కనబడక, 2వ తేదీ రాత్రి మాల్దీవుల్లోని అద్దూ దీవుల వైపు వెనక్కి వెళ్ళిపోయాడు. బర్చల్ కబురు వచ్చేసరికి దాదాపు 600 మైళ్ళ దూరంలో నీళ్ళు, ఇంధనం నింపుకుంటున్నాడు. అంటే కొలంబోలో పెద్ద ఓడలు లేకపోవడం యాదృచ్ఛికం. ఘనత కేటలీనాకు ఎలా వెళ్తుంది?

కాకినాడకుర్రాడు

నాకు చిన్న సందేహం. పసిఫిక్‌లో మిడ్‌వే యుద్ధంలోనూ జపాన్ నౌకల్ని చూసింది కేటలీనాలే కదా. 1942 జూన్ 4 ఉదయం హోవర్డ్ ఏడీ మబ్బుల చాటున దాక్కుంటూ చూసి, చెప్పి, తప్పించుకుని వచ్చాడు. 1941 మేలో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌ను వెతికి పట్టుకున్న కేటలీనా కూడా గుళ్ళ దెబ్బలు తిని ఇంటికి చేరింది. బర్చల్ అలా చేయలేకపోయాడా?

సముద్రపుకాపలా

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను నేవీలో డోర్నియర్ మీద ఎనిమిదేళ్ళు అబ్జర్వర్‌గా చేశాను. అదీ రెండింజన్ల గస్తీ విమానమే, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు కాకినాడ తమ్ముడికి. బిస్మార్క్‌కు విమానవాహక నౌక తోడు లేదు, వెంటపడే యుద్ధ విమానాలు లేవు. ఓడ మీది ఫిరంగులు తప్ప. మిడ్‌వేలో మబ్బు ఉంది. బర్చల్‌కు ఆ సాయంత్రం మబ్బు అందలేదు. కేటలీనా మామూలుగా ఎగిరేది గంటకు 120 మైళ్ళ చుట్టుపక్కల, ఎంత తరిమినా 200 దాటదు. జీరో దానికి ఒకటిన్నర రెట్లు పైమాటే. ఇక పారిపోవడమన్న మాటే లేదు.

దగ్గరికి ఎందుకు వెళ్ళాడు అనే ప్రశ్న ఉంది చూశారూ, దానికి జవాబు కిటికీ దగ్గర కూర్చున్నవాడికే తెలుస్తుంది. అద్దానికి నుదురు ఆనించి రెండు గంటలు నీళ్ళు చూస్తే ప్రతి మబ్బు నీడా ఓడలాగే ఉంటుంది. మాకు రాడార్ ఉండేది, అయినా కళ్ళతో చూసి 'ఇది ఫలానా' అని చెప్పేదాకా కింద ఎవరూ కదలరు. "చుక్కలు కనిపించాయి" అని చెబితే కొలంబో ఏం చేసుకుంటుంది? ఎన్ని ఓడలు, ఏ రకం, ఎటు పోతున్నాయి, ఎంత వేగం, అసలు మనమెక్కడ ఉన్నాం. ఈ ఐదూ లేకపోతే అది కబురు కాదు. చంద్రోదయం అయ్యాక స్థానం సరిచూసుకుని వెనక్కి తిరుగుదామని వాళ్ళ ఆలోచన. ఆ చుక్కల్ని పట్టించుకోకుండా తిరిగి ఉంటే తొమ్మిది మందీ బతికేవాళ్ళు. వెళ్ళి చూశారు. మోర్స్ కీ మీద కబురు మూడోసారి కొడుతుండగా రేడియో ముక్కలైంది.

ఇప్పుడు పాతమ్యాపులు గారికి. మీరు రెండు పద్దులు ఒకే లెక్కలో రాస్తున్నారు. చూడటం, చెప్పడం గస్తీ విమానం పని. విన్నాక హరికేన్లను లేపడం రత్మలానలో ఉన్నవాళ్ళ పని. రెండోది చెడిందని మొదటిది వృథా అంటే ఎలా?

చెప్పలేకపోవడం ఎలా ఉంటుందో కూడా చూడండి. 1941 డిసెంబర్ 7న, పెర్ల్ హార్బర్ ఇంకా జరగకముందు, సయాం (థాయ్‌లాండ్) సింధుశాఖ దగ్గర 205 స్క్వాడ్రన్ కేటలీనా ఒకటి మలయా వైపు వస్తున్న జపాన్ దళాన్ని చేరింది. పైలట్ పాట్రిక్ బెడెల్. కబురు పంపేలోపే కూల్చేశారు. ఎనిమిది మందీ పోయారు. సింగపూర్‌లో ఎవరికీ ఏమీ తెలియలేదు. అదే 205 స్క్వాడ్రన్ తర్వాత కొగ్గలకు వచ్చింది. 4వ తేదీన రేడియో ముందు కూర్చున్నవాడికి ఆ సంగతి గుర్తుండదా?

పాతమ్యాపులు

సిబ్బందిని నేను ఎక్కడా తప్పుపట్టలేదండీ. పంపినవాళ్ళనే అడుగుతున్నాను. ఆ కేటలీనాల్లో తూటా తగిలితే తనంతట తాను మూసుకునే ఇంధన ట్యాంకులు లేవు. బర్చల్ విమానం లోపల మంటలు లేచాయి. నీళ్ళలో పడ్డాక, గాయాలతో లైఫ్ జాకెట్ల మీద తేలుతున్న ఇద్దరు మునగలేక పై నుంచి కాల్పులకు బలయ్యారు. దాన్ని 'విమానం పని' అని ఒక్క మాటలో దాటేయలేం.

సముద్రపుకాపలా

దాటేయడం లేదు. వృథా నష్టం అంటే ఏమిటో చెబుతాను. 1941 డిసెంబర్ 27న అమెరికా వాళ్ళు ఆరు కేటలీనాల్ని ఫిలిప్పీన్స్‌లోని జోలో మీదికి బాంబర్లుగా పంపారు. నాలుగు కూలాయి. మరుసటి ఏడాది అలాస్కా దగ్గరి అల్యూషన్ దీవుల్లో కిస్కా మీద వీటినే డైవ్ బాంబర్లలా దూకించారు. అది తప్పు. చేతకాని పని చేయించారు. అల్యూషన్లలో శత్రువు కంటే పొగమంచే ఎక్కువ విమానాల్ని మింగింది. వాటి చావును పాటల్లో కట్టరు.

ప్రమాదాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి అదీ చెబుతాను. నీళ్ళ మీద దిగే విమానానికి అల కంటే భయం అద్దంలా ఉన్న నీరు. గాలి లేని రోజున సరస్సు మీద ఆకాశం నీడ పడి, నీరు ఇరవై అడుగుల కింద ఉందో రెండడుగుల కింద ఉందో కంటికి ఆనదు. ఒక్కోసారి ముందు పడవ పంపి నీళ్ళు కదిలిస్తే తప్ప దిగేవాళ్ళు కాదు. గస్తీ ముగిసి, పద్నాలుగు గంటలు కూర్చున్న కళ్ళతో ఆ పని చేయాలి.

డాల్ఫిన్‌నోస్

క్రూయిజర్ల మాట మిగిలిపోయింది. రేవులో ఉంటే బతికేవేమో అన్నారు. డోర్సెట్‌షైర్ మరమ్మతులో ఉంది. హెక్టర్, టెనెడోస్‌లకు ఏమైందో మీరే రాశారు. కట్టేసిన ఓడకంటే కదిలే ఓడకే అవకాశం ఎక్కువని పంపారు. 9న హెర్మిస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌక విషయంలోనూ అంతే. 8న ఒక కేటలీనా మళ్ళీ నగుమోను చూసింది కాబట్టే అది సిలోన్ తూర్పు తీరంలోని ట్రింకోమలీ రేవు వదిలింది. కానీ అందులో సొంత విమానం ఒక్కటీ లేదు. 307 మంది పోయారు. పైన కాపుకాసే విమానాలు లేకపోవడమే అసలు రోగం. దాన్ని కబురు తెచ్చినవాడి మీద వేయొద్దు.

పాతమ్యాపులు

ఒప్పుకుంటాను, క్రూయిజర్ల విషయంలో నా 'ఏమో' బలహీనమైనది. రత్మలాన విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. 'రక్షకుడు' అనే బిరుదు మీద కూడా. ఆ బిరుదు వల్ల ఆ రాత్రి నిద్రపోయినవాళ్ళు తప్పించుకున్నారు.

సముద్రపుకాపలా

బిరుదు మీద నాకూ పట్టుదల లేదు. ఇసోకజే ఓడలో ఖైదీగా ఉండగా, కబురు పంపలేదని బొంకి, అంతలో కొలంబో 'మళ్ళీ పంపండి' అని అడగడం జపాన్ వాళ్ళు వినేసరికి దెబ్బలు తిన్నాడు బర్చల్. ఆయన 2004 దాకా బతికాడు. బతికాడు కాబట్టే మనకు చుక్కలు, చంద్రోదయం, మూడోసారి కొట్టిన కీ, అన్నీ తెలుసు.

అదే 4వ తేదీ సాయంత్రం, ఆయన చూసిన నౌకల్ని మళ్ళీ వెతకడానికి 205 స్క్వాడ్రన్ నుంచి గ్రాహం అనే పైలట్ కేటలీనా బయలుదేరింది. ముందు పోయిన విమానం జవాబివ్వడం లేదని తెలిసీ వెళ్ళారు. తిరిగి రాలేదు. 9న ట్రింకోమలీ దాడి ఉదయం 413 నుంచే రే థామస్ విమానం. అదీ రాలేదు. రెంటిలోనూ ఒక్కరూ మిగల్లేదు. సమాధి దొరకని వైమానికుల పేర్లు సింగపూర్‌లో క్రాంజి స్మారకం గోడల మీద చెక్కి ఉన్నాయి.

ఈ చర్చలో ఇప్పటిదాకా వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. నేను కూడా మూడు సార్లు రాశాక గుర్తు తెచ్చుకున్నాను.

పాతమ్యాపులు

మొదటి పోస్టు సరిదిద్దుతున్నాను. గ్రాహం, థామస్, బెడెల్ విమానాలు మూడూ తేదీలతో చేరుస్తాను. శీర్షికలో 'కేటలీనా' అని ఒకటే ఉంది, దాన్ని 'కేటలీనాలు' అని మారుస్తున్నాను.