అప్‌డేట్: ట్రాక్ డేకి వెళ్తే జీఆర్86 వారంటీ పోతుందా?

టయోటా స్పోర్ట్స్ కారు జీఆర్86ను ట్రాక్ డేకి, అంటే సొంత కారును రేస్ ట్రాక్‌పై నడిపే రోజుకి, తీసుకెళ్తే వారంటీ పోతుందా అని ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. వారంటీ బుక్‌లెట్ మళ్లీ చదివాక తేలిందిది: అమెరికాలో ట్రాక్‌కి వెళ్లినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దవదు. రేసింగ్ వల్ల పాడైన భాగానికే క్లెయిమ్ నిరాకరించవచ్చు. బ్రేక్ ప్యాడ్లు, టైర్ల అరుగుదల ఎలాగూ మన ఖర్చే.

అసలు భయం ఇంజన్ గురించే. పొడవాటి కుడి మలుపుల్లో ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ పాన్‌ను అతికించే సీలెంట్ ముక్కలు, ఆయిల్‌ను పైకి లాగే పికప్ గొట్టం జాలీలో చేరితే ఇంజన్ బేరింగులకు ఇంకా ప్రమాదం. అందుకే ట్రాక్‌కి ముందు ఆయిల్ ఫుల్ మార్కు దాకా ఉంచండి, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చండి, వీల్ నట్లు 120 న్యూటన్ మీటర్లకు బిగించండి. సర్వీసు బిల్లులన్నీ దాచండి. ఈసీయూ ట్యూన్ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) జోలికి మాత్రం వెళ్లొద్దు, క్లెయిమ్‌లో ముందు పట్టుకునేది దాన్నే.

ఆస్ట్రేలియాలో హ్యుందాయ్ తన స్పోర్ట్స్ రకమైన ఎన్ కార్లకు, పోటీ కాని ట్రాక్ డ్రైవింగ్‌నూ వారంటీలో చేర్చింది. ట్రాక్ పేరు చెప్పి కార్లమ్మే ప్రతి కంపెనీ అలాగే రాసివ్వాలి.