జెరోము పక్కనున్న సింహం గోడలాగే కనిపిస్తోంది, ఏం చేయాలి?

నల్లసిరా: జర్మన్ చిత్రకారుడు ద్యూరర్ గీసిన పునీత జెరోము చిత్రాన్ని నకలు చేస్తూ నాలుగు గంటలుగా ఒక్కచోటే ఆగిపోయాను. నీడ ఉన్నచోటల్లా ఒకదాన్నొకటి కోసే అడ్డగీతలు వేస్తే సింహం, బల్ల, గోడ మూడూ గోనెసంచిలా తయారయ్యాయి. ఆయన ఎచింగ్‌లో ఇంత తేడా ఎలా తెచ్చారో దయచేసి చెప్పండి.

గీతాభ్యాసి: ఏ జెరోము? ఆయన చాలా వేశారు.

రాగిరేకు: ముందుగా ఒక మాట సరిచేయాలి. ఇవన్నీ రాగిరేకు మీద గీతలు చేసి, సిరా నింపి కాగితం మీద అచ్చువేసే పద్ధతులు. ఎచింగ్‌లో ఆమ్లం రేకును తింటుంది, చెక్కుడులో బ్యూరిన్ అనే ఉలిని చేత్తో నెట్టి రాగిని తవ్వుతారు. 1512లో విల్లో చెట్టు పక్కన కూర్చున్న జెరోమునైతే డ్రైపాయింట్‌తో, అంటే సూదితో గీశారు. సూది లేపిన రాగి అంచును గీకివేయనందువల్ల ఆ గీత మఖమల్‌లా మెత్తగా పడుతుంది గాని, కొద్ది ప్రతులకే అరిగిపోతుంది. ఈ మూడింటినీ ఒకే పేరుతో పిలిస్తే జవాబు కూడా తప్పుతుంది.

నల్లసిరా: నాది 1514 నాటిది, గదిలో కూర్చుని రాసుకుంటున్న జెరోము. సింహం ఉందని చెప్పాను కదా!

గీతాభ్యాసి: 1512 చిత్రంలోనూ సింహం ఉంది.

బొమ్మలబడి: మీరు నీడను మాత్రమే గీస్తున్నారు, వస్తువును గీయడం లేదు. ఆ చిత్రంలో పైకప్పు పలకల మీద గీతలు చెక్క నార వెంట పొడవుగా సాగుతాయి, సింహం మీద పొట్టిగా, ఒంటి వంపును అనుసరించి తిరుగుతాయి, కిటికీ పక్క గోడమీదనైతే గుండ్రటి అద్దాల వెలుగు పడినచోట కాగితమే తెల్లగా మిగిలిపోతుంది. నాకైతే సింహం కన్నా ఆ గోడే ఎక్కువ ఆశ్చర్యం. అడ్డగీతలను చిక్కటి నీడకే దాచుకోండి.

రాగిరేకు: అయినా 1514 నాటిది చెక్కుడు చిత్రం, కలంతో అది పూర్తిగా రాదు. బ్యూరిన్‌ను లోతుగా నెడితే గీత లావవుతుంది, తేల్చితే సన్నబడుతుంది.

నల్లసిరా: నేను వాడుతున్నది 0.5 జెల్ పెన్ను, ఏ5 కాగితం.

గీతాభ్యాసి: అసలు చిత్రం సుమారు 24.7 × 18.8 సెంటీమీటర్లు. మీ కాగితం 21 × 14.8. గీతలు ఇరుక్కోక ఏం చేస్తాయి? ఏ4 తీసుకోండి.

నల్లసిరా: ఏ4 మీద సింహం కాస్త సింహంలా వచ్చింది. గోడ రేపు చూస్తాను. ధన్యవాదాలు.

రాగిరేకు: పై ప్రశ్నలో ‘ఎచింగ్’ అన్న మాట ఇంకా అలాగే ఉంది.