తొడ ఎముకలో సగం డీఎన్‌ఏ ప్రొఫైలే వచ్చింది: తర్వాత పన్ను తీయాలా, పుర్రెలో లోపలి చెవి చుట్టూ ఉండే పెట్రస్ ఎముక కోయాలా?

గుర్తు తెలియని మగమనిషి అస్థిపంజరం, ఏళ్ల తరబడి తడి నేలలో ఉంది. తొడ ఎముక నడిమి ముక్క పైపొర గీకి, బ్లీచుతో కడిగి, ద్రవ నత్రజనిలో పొడి చేశారు (డ్రిల్లు వేడికి డీఎన్‌ఏ ఇంకా పాడవుతుంది). అర గ్రాము పొడిలో ఖనిజాన్ని ఈడీటీఏ అనే రసాయనంతో కరిగించి, ప్రోటీన్లను విడగొట్టే ఎంజైమ్ ప్రోటీనేజ్ కె కలిపి 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచారు.

200 బేస్ జతల (డీఎన్‌ఏ పొడవు కొలత) లోపు మార్కర్లు, అంటే మనిషిని గుర్తించే డీఎన్‌ఏ భాగాలు, వచ్చాయి, 300 దాటినవి ఒక్కటీ రాలేదు. డీఎన్‌ఏ ముక్కలైందనుకుందామంటే అంతర్గత కంట్రోల్ (పరీక్ష సరిగా నడిచిందో చూడటానికి కలిపే తెలిసిన డీఎన్‌ఏ) కూడా తగ్గింది, ద్రవం గోధుమ రంగులో ఉంది. మట్టిలోని హ్యూమిక్ ఆమ్లం పీసీఆర్‌ను (డీఎన్‌ఏ నకళ్లు పెంచే పద్ధతి) అడ్డుకుంటున్నట్టుంది. ఐదింతలు పలుచన చేస్తే కంట్రోల్ కోలుకుంది గానీ, డీఎన్‌ఏ తక్కువ కావడంతో కొన్ని అల్లీళ్లు (మార్కర్ల రూపాలు) జారిపోయాయి. పలుచన మానేసి, అలాంటి అడ్డు పదార్థాలను పట్టేసే ప్రోటీన్ బీఎస్‌ఏ పెంచడం మేలా, మళ్లీ డీఎన్‌ఏను పట్టి ఉంచే సిలికా కాలమ్‌లో శుద్ధి చేయడమా?

రెండో సంగతి ఇంకా బరువైనది. పుచ్చని దవడ పన్ను ఒకటుంది. పెట్రస్ దట్టమైనది, డీఎన్‌ఏ బాగా నిలుస్తుంది, కానీ కోస్తే లోపలి చెవి ఆకారం మళ్లీ రాదు. సీటీ తీశాకే కోయాలని నా అభిప్రాయం. ముందు పన్నే చాలంటారా?

పోల్చడానికి తల్లిదండ్రులు, పిల్లలు లేరు. బాబాయి (తండ్రి తమ్ముడు), పెద్దమ్మ (తల్లి అక్క) ఉన్నారు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై మార్కర్లు, తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ వాళ్లతో కలిసినా ఆ వంశాల్లో ఇంకెందరికో అవే ఉంటాయి. ఆ ఇంటికి వేరొకరి ఎముకలు అప్పగించకూడదు. ఇంత దూరపు చుట్టరికానికి ఎస్‌ఎన్‌పీ ప్యానెల్ (డీఎన్‌ఏలో ఒక్కో అక్షరం తేడాలను చాలా చోట్ల చూసే పరీక్ష) వాడినవారు, ఎంత డీఎన్‌ఏ పట్టిందో దయచేసి చెప్పండి.