ఇంట్లో వచ్చిన లెక్క పరీక్షలో ఎందుకు రావట్లేదు?

ప్రశ్న (ఓ అమ్మ):
మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. వర్గ సమీకరణాలు ఇంట్లో చకచకా చేస్తుంది. పరీక్షలో మాత్రం మైనస్ గుర్తు వదిలేస్తుంది, 7×8 దగ్గర కూడా ఆగిపోతుంది. పేపర్ చేతికి రాగానే అరచేతులకు చెమటలు పడతాయట, ఏమీ గుర్తుకు రాదట. "నాకు లెక్కల బుర్ర లేదమ్మా" అంటోంది. ట్యూషన్ పెట్టించాలా?

జవాబు (లెక్కల టీచర్):
ట్యూషన్ సంగతి తర్వాత చూద్దామండీ. ఇంట్లో చేస్తోందంటే లెక్క వచ్చినట్టే. లెక్క మధ్యలో వచ్చే అంకెల్ని, గుర్తుల్ని కాసేపు మనసులో పట్టి ఉంచుకోవాలి. అక్కడ ఉండే చోటే తక్కువ. "టైం అయిపోతోంది, తప్పితే ఎలా" అన్న ఆలోచనలు అందులో దూరితే మైనస్ గుర్తు జారిపోతుంది. 2001లో అష్‌క్రాఫ్ట్, కిర్క్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో లెక్కల భయం ఎక్కువున్నవాళ్లు, కొన్ని అక్షరాలు గుర్తుపెట్టుకుంటూనే ఒకటి పైన వేసుకునే కూడికలు చేయాల్సి వచ్చినప్పుడు బాగా తడబడ్డారు.

కొత్త పాఠం మీద నేను పెట్టే మొదటి పరీక్షకు టైం పరిమితి ఉండదు, కంగారు తగ్గాలని. పరీక్షకు ముందు పది నిమిషాలు తన భయమేంటో కాగితం మీద రాసుకోమనండి. రమిరెజ్, బైలాక్ అనే పరిశోధకులు 2011లో ఇలా రాయిస్తే బాగా టెన్షన్ పడే పిల్లలకు మార్కులు పెరిగాయి. వాళ్లలో స్కూలు పిల్లలు రాసింది బయాలజీ పరీక్షే అయినా, లెక్కలకూ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

జవాబు (డిగ్రీ విద్యార్థి):
టీచర్ గారూ, భయం ఒక్కటే కాదండీ. నాకు భిన్నాలు సరిగా రావు, అందుకే బీజగణితం అంటే వణుకు. భయపడి పుస్తకం తీసేవాణ్ణి కాదు, తీయక ఇంకా వెనకబడ్డాను. మా అక్క కింది తరగతి పుస్తకంతో మళ్లీ మొదలుపెట్టించాకే కాస్త ధైర్యం వచ్చింది. పాపకు ఎక్కడైనా పునాది వదిలిపోయిందేమో చూడండి.

ప్రశ్న అడిగిన అమ్మ:
ఇద్దరికీ థాంక్స్ అండీ. రోజూ వాళ్ల నాన్న పక్కన కూర్చుని చేయిస్తారు. ఆయనకూ లెక్కలంటే భయమే, తప్పు రాగానే ఆయనే ముందు కంగారుపడతారు.

జవాబు (లెక్కల టీచర్):
ఇది చాలా ముఖ్యమైన సంగతి. లెక్కల భయమున్న తల్లిదండ్రులు తరచూ హోంవర్క్ చేయించిన ఇళ్లలో పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారని 2015లో ఒక అధ్యయనం తేల్చింది. వాళ్లు ఒకటి, రెండు తరగతుల పిల్లలే, అయినా నేను తేలిగ్గా తీసుకోను. కొన్నాళ్లు ఆయన్ని వేరే గదిలో ఉండమనండి. పాప ఒంటరిగా చేసి, ఆగిపోయిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి, మర్నాడు ఆ గీతనే వాళ్ల టీచర్‌కు చూపించాలి.