శివరాత్రి వెళ్లిపోయింది, చలి మాత్రం రానేలేదు: పది పదిహేను రోజుల ముందు జోస్యాలు ఇక్కడ పెట్టడం ఆపేద్దామా?

రాజోలు కొబ్బరితోట (మార్చి 1, 2025, ఉదయం 6:40)

మొన్న బుధవారం శివరాత్రి అయిపోయింది. ఆ రోజుతో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని చిన్నప్పటి నుంచి వింటున్న మాటే, కానీ ఈ ఏడాది అది తలుచుకుంటే బాధేసింది, ఎందుకంటే మా ఊరికి చలి వచ్చిన గుర్తే లేదు. పెరట్లో నీడన, నేలకి నాలుగడుగుల ఎత్తున, గాలాడే చెక్కపెట్టెలో థర్మామీటర్ పెట్టి ఆరేళ్లుగా రోజూ పుస్తకంలో రాసుకుంటున్నాను. నవంబరు నుంచి ఇప్పటిదాకా 17 డిగ్రీల కిందకి దిగిన తెల్లవారుజాములు నాలుగు. భోగి నాడు నాలుగింటికి మంట వేస్తే పిల్లలు స్వెటర్లు విప్పి కుర్చీ మీద పడేసి ఆడుకున్నారు.

కొబ్బరినూనె సంగతి కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు. చలికాలంలో మా అమ్మ పొద్దున్నే నూనె సీసా తీసుకెళ్లి అరుగు మీద ఎండలో పెడుతుంది. తెల్లగా పేరుకున్న నూనె ముందు అంచుల దగ్గర కరుగుతుంది, మధ్యలో ముద్ద కాసేపు తేలుతూ ఉంటుంది, అది కూడా కరిగాకే తలకి రాస్తుంది. 24 డిగ్రీల దగ్గర పేరుకునే వస్తువు కాబట్టి మా ఇంట్లో నా కంటే ముందు నుంచీ ఉన్న థర్మామీటర్ అదే. ఈసారి సంక్రాంతి వారంలో కూడా చాలా రోజులు సీసా అడుగున పలచటి తెల్ల పొర తప్ప ఏమీ లేదు. అమ్మ సీసాని అరుగు మీదకి తీసుకెళ్లడమే మానేసింది.

ఇప్పుడు అసలు విషయం. సెప్టెంబరు నుంచి లానినా (పసిఫిక్ సముద్రం నీళ్లు చల్లబడడం) వస్తోంది, ఎముకలు కొరికే చలి ఖాయం అని ఊదరగొట్టారు. మనమూ ఈ వాతావరణ గ్రూపులో పదిహేను రోజుల మ్యాపులు, నీలం రంగు పులిమినవి, ఒకరి తర్వాత ఒకరం పెట్టాం. డిసెంబరులో పది రోజుల తర్వాత కోనసీమకి 13 డిగ్రీలు అని చూపించే బొమ్మ పెట్టింది నేనే. ఆ రోజు రానే వచ్చింది, మా పెట్టెలో 20. అందుకే అడుగుతున్నాను: ఐదు రోజులు దాటిన ఏ కంప్యూటర్ మోడల్ బొమ్మా ఇక్కడ పెట్టకూడదని నియమం పెట్టుకుందామా? నా ఓటు పెట్టుకుందామనే.

కాకినాడ తీరం (ఉదయం 8:15)

అన్నయ్య గారూ, మీ బాధ నాకూ ఉంది. కానీ ఒప్పుకోను. జోస్యం తప్పలేదు, మనం చదవాల్సింది చదవలేదు.

డిసెంబరు 2న భారత వాతావరణ శాఖ శీతాకాలం అంచనా ఇచ్చింది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దేశంలో చాలా చోట్ల రాత్రి ఉష్ణోగ్రతలు మామూలు కంటే ఎక్కువగా, చలిగాలుల రోజులు తక్కువగా ఉంటాయని అందులో ఉంది. మనకి చలి కావాలి కాబట్టి అది పక్కన పెట్టేసి లానినా మాట పట్టుకున్నాం. ప్రపంచ వాతావరణ సంస్థ సెప్టెంబరులో లానినాకి చెప్పింది 60 శాతం అవకాశం, అంటే రాకపోవడానికి 40 ఉందన్నమాట, ఆ 40 మన దాకా వచ్చేసరికి మాయమైపోయింది. చివరికి లానినా వచ్చిందని జనవరిలో చెప్పారు, అదీ బలహీనంగా. 1901 నుంచి ఉన్న లెక్కల్లో మన దేశానికి అతి వేడి సంవత్సరం 2024. నిన్న వాతావరణ శాఖ మొన్నటి ఫిబ్రవరి గురించి కూడా అదే చెప్పింది, 1901 తర్వాత ఇంత వేడి ఫిబ్రవరి లేదని. ఇలాంటి ఏడాదిలో మన డెల్టాకి మాత్రం విడిగా చలి ఎక్కడి నుంచి వస్తుంది?

పైగా మనది తీరం. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి పొడిగాలి దిగి, ఆకాశం తేటగా ఉంటేనే మనకి రాత్రి చల్లబడుతుంది. బంగాళాఖాతంలో చిన్న అల్పపీడనం ఉన్నా చాలు, గాలి తూర్పుకి తిరిగి సముద్రం మీది తేమ మోసుకొస్తుంది, పైన మబ్బు దుప్పటి కప్పినట్టు కమ్మేస్తుంది, రాత్రి 21 దగ్గర ఆగిపోతుంది. అందుకే తీరంలోని కేంద్రాలకి చలిగాలి లెక్కే వేరు: కనిష్ఠం 15 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు పడిపోవాలి. లంబసింగి ఫోటోలు చూసి రాజోలుకి చలి లెక్కేయకూడదు.

తణుకు ఆకుమడి (ఉదయం 9:50)

నేను వాతావరణం సరదాకి చూసేవాణ్ణి కాదండి, మూడెకరాలు కౌలుకి చేస్తాను. చలి రాలేదని మీరు బాధపడుతున్నారు గానీ, నాకు దాళ్వా (రబీ వరి) ఆకుమడికి చలి లేకపోవడం మంచిదే అయింది. చలి గట్టిగా ఉన్న ఏడాది ఆకు ఎర్రబడి ఎదగదు, సాయంత్రం మడిలో నీళ్లు తీసేసి పొద్దున్నే కొత్తనీళ్లు పెట్టుకోవాలి, రాత్రి పట్టా కప్పి తెల్లారాక తీయాలి. ఈసారి ఆ బాధ లేకుండా ఆకు చక్కగా లేచింది.

నాకు దెబ్బ తగిలింది చలి జోస్యంతో కాదు, వాన జోస్యంతో. నవంబరు చివరి వారం, ఫెంగల్ తుఫాను టైము. కోతకొచ్చిన చేను. ఒక ఛానల్‌లో గోదావరి జిల్లాలు మునిగిపోతాయన్నట్టు గంటగంటకీ చెప్పారు. టెన్షన్‌తో రాత్రికి రాత్రి చైన్ మిషన్ మాట్లాడి, ఎప్పుడూ ఇచ్చేదానికంటే ఎక్కువ అద్దె ఇచ్చి కోయించాను. గింజ పచ్చిది, తేమ 22 శాతం చూపించింది. కొనుగోలు కేంద్రంలో 17 దాటితే తీసుకోరు. ఆరబోద్దామంటే వాన వస్తుందన్న భయం, ఉన్న బరకాలు చాలవు. దళారి వచ్చి 75 కిలోల బస్తా 1400 అన్నాడు. ఆ సీజన్ మద్దతు ధర ప్రకారం 1725 రావాలి. 90 బస్తాలు ఇచ్చేశాను. 29 వేలు పైన పోయింది. మా వైపు రెండు రోజులు మబ్బేసి సన్నటి తుంపర పడి వెళ్లిపోయింది. ఫెంగల్ పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది.

రాజోలు బాబాయ్ గారు చెప్పినట్టు ఐదు రోజుల నియమం పెడితే నాకేం ఒరుగుతుంది? నాకు నష్టం చేసింది రెండు రోజుల ముందు చెప్పిన మాట.

రాజోలు కొబ్బరితోట (ఉదయం 10:20)

ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నూనె సీసా పేరుకోకపోవడం ఒక ముచ్చట, మీది కడుపుకి సంబంధించింది. నేను రెండూ ఒకే గాటన కట్టాను, అది తప్పు.

కాకినాడ తీరం (ఉదయం 10:45)

ఫెంగల్ విషయంలో వాతావరణ శాఖకే మాట మారింది. ముందు తుఫాను అవుతుందన్నారు, తర్వాత కాకపోవచ్చన్నారు, 29న అయింది, 30న తీరం దాటింది, అదీ చాలా నెమ్మదిగా. అలాంటి వ్యవస్థ అది. కానీ తణుకు గారికి మునిగిపోతారని చెప్పింది వాతావరణ శాఖ బులెటిన్ కాదు, దాన్ని పట్టుకుని వ్యూస్ కోసం గొంతు పెంచినవాళ్లు. ఆ తేడా మర్చిపోవద్దు.

కాట్రేనికోన పెద్దాయన (మధ్యాహ్నం 12:05)

బాబూ, నేను 1996 నవంబరు 6 రాత్రి చూసినవాణ్ణి. కొబ్బరిచెట్లు మెలితిరిగి విరిగిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ తుఫానుకి వెయ్యిమందికి పైగా పోయారు. సముద్రం మీదకి వేటకి వెళ్లినవాళ్లు చాలామంది తిరిగిరాలేదు. వాళ్లకి వేళకి ఒక్క మాట అందుంటే అని ఇప్పటికీ అనుకుంటాను. కాబట్టి జోస్యాలు ఆపుదాం అనే మాట నా ముందు అనకండి.

2013 నవంబరులో లెహర్ వచ్చింది గుర్తుందా? మచిలీపట్నం, కాకినాడ మధ్య పెద్ద తుఫానుగా దాటుతుందన్నారు. లంక గ్రామాల్లో మూటాముల్లె సర్దుకుని కదిలారు. అది సముద్రంలోనే నీరసించి వాయుగుండంగా మచిలీపట్నం దగ్గర దాటింది. అప్పుడు కూడా కొందరు, వీళ్లెప్పుడూ ఇంతే అన్నారు. నేను ఆ రోజు పునరావాస కేంద్రంలో పులిహోర తిని తెల్లారి ఇంటికి వచ్చాను, ఇల్లు ఇల్లుగానే ఉంది. అది నాకు సంతోషమే. 2018 డిసెంబరు 17న పెథాయ్ మాత్రం చెప్పినట్టే మా కాట్రేనికోన దగ్గరే దాటింది.

తుఫాను సంగతి ఒక లెక్క, చలి మ్యాపుల సంగతి ఇంకో లెక్క. రెండిటికీ ఒక నియమం పెట్టకండి.

చెరువుగట్టు (మధ్యాహ్నం 1:30)

భీమవరం పక్కన రొయ్యల చెరువులు. నాకు పది రోజుల అంచనా కావాలి, తీసేస్తామంటే ఒప్పుకోను. ఎందుకో చెప్తాను. నీళ్లు చల్లబడితే వనామీ రొయ్య మేత తగ్గిస్తుంది, మనం చూసుకోకుండా మామూలుగా వేస్తే అడుగున మేత కుళ్లుతుంది. కానీ చలి కంటే నన్ను భయపెట్టేది మబ్బు. రెండు రోజులు వరసగా ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య రొయ్యలు గట్టు వారకి వచ్చి పైకి తేలతాయి. డిసెంబరులో ఒక రాత్రి టార్చ్ వేసి చూస్తే గట్టు పొడుగునా ఎర్రటి కళ్లు మెరుస్తున్నాయి. కరెంటు పోయి ఉంది. జనరేటర్‌కి డీజిల్ ఒక్క డబ్బానే ఉంది. ఆ డీజిల్ ముందే తెచ్చిపెట్టుకోవాలంటే మబ్బు వారం ముందు తెలియాలి. తప్పయితే డీజిల్ మిగులుతుంది, అంతే కదా. నిజమైతే పంట నిలబడుతుంది.

ఇంకో మాట. ఇక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు, చెరువులు తవ్వేశారు కాబట్టే చలి లేదు అంటారు. నీళ్లు రాత్రి వేడి నిలబెడతాయి, నిజమే, మా గట్టు మీద ఊరిలో కంటే డిగ్రీ వెచ్చగానే ఉంటుంది. కానీ ఫిబ్రవరి దేశమంతా వేడెక్కితే అది భీమవరం చెరువుల పని కాదు.

రాజోలు కొబ్బరితోట (మధ్యాహ్నం 2:10)

చెరువుగట్టు గారు చెప్పింది నన్ను ఆలోచనలో పడేసింది. తప్పయితే డీజిల్ మిగులుతుంది అన్నారు. తణుకు గారికి తప్పయితే 29 వేలు పోయింది. అదే జోస్యం, అదే తప్పు, ఒకరికి ఖర్చు ఏమీ లేదు, ఇంకొకరికి సీజన్ పోయింది. నేను ఇన్నాళ్లూ కరెక్టయిందా తప్పయిందా అనే చూశాను, తప్పయితే ఎవరికెంత పోతుందని చూడలేదు.

కాకినాడ తీరం (మధ్యాహ్నం 2:40)

అందుకే బొమ్మ ఆపడం కాదు, ఒక్క బొమ్మే పెట్టడం ఆపాలి. మనం పెట్టే నీలం మ్యాపు మోడల్ ఒక్కసారి వేసిన లెక్క. అమెరికా మోడల్ రోజుకి నాలుగుసార్లు 16 రోజుల దాకా లెక్క వేస్తుంది, అంటే పొద్దున ఒక కథ, సాయంత్రానికి ఇంకో కథ. మనకి నచ్చిన కథ ఏ పూట వస్తే ఆ పూట స్క్రీన్‌షాట్ తీస్తున్నాం. యూరప్ మోడల్‌లో మొదటి పరిస్థితులు కొంచెం కొంచెం మార్చి 51 సార్లు లెక్క వేస్తారు. ఆ 51లో ఎన్ని చలి చూపిస్తున్నాయి, ఎన్ని చూపించడం లేదు, అది రాయాలి. అన్నయ్య గారూ, మీరు పెట్టిన 13 డిగ్రీల బొమ్మ పక్కన ఆ 51 పెట్టి ఉంటే మనమెవరం స్వెటర్లు బయటికి తీసేవాళ్లం కాదు.

ఫోన్ యాప్‌లో కనిపించే అంకె కూడా అంతే. అంతర్వేది దగ్గర మోడల్ గడి ఒకటి పాతిక కిలోమీటర్లు ఉంటే అందులో సముద్రం, గోదావరి, కొబ్బరితోట, రొయ్యల చెరువు అన్నీ కలిసి ఒకే అంకె. మీ పెరటి పెట్టెలో అంకె దానికంటే విలువైనది. ఆరేళ్ల పుస్తకం పోగొట్టుకోకండి, వీలైతే ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి.

తణుకు ఆకుమడి (సాయంత్రం 4:25)

51లో ఎన్ని అని చెప్తే నాకు అర్థమవుతుంది. వ్యవసాయంలో అన్నీ అలాగే లెక్కేసుకుంటాం. 51లో 40 వాన అంటే కోసేస్తాను, 10 అంటే కొయ్యను, బరకాలు అద్దెకి తెచ్చి పెట్టుకుంటాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర దాటినప్పుడు రేడియోలో చెప్పింది విని ముందే కోసి కుప్ప వేసి కప్పుకున్నాను, పక్క చేలు పడిపోయి మొలకలొచ్చాయి. అప్పుడు విన్నందుకు బాగుపడ్డాను, అందుకే మొన్న కూడా విన్నాను.

మీ గొడవ చలి గురించి కాబట్టి నా భయం కూడా చెప్తాను. చలి లేదంటే ఎండ ముందే వస్తుంది. మా దాళ్వా చేను పొట్ట మీదుంది, మార్చి రెండో వారానికి ఈనుతుంది. ఈనిక మీద ఎండ 35 దాటి కాస్తే గింజ పాలు పోసుకోక తాలు పోతుంది. ఇప్పటికే మధ్యాహ్నం గట్టు మీద నిలబడలేకపోతున్నాం. ఆ వారం ఎలా ఉంటుందో ఐదు రోజుల ముందు తెలిస్తే నాకు లాభం లేదండి, కాలవ నీళ్లకి వంతు ముందే చెప్పుకోవాలి.

రాజోలు కొబ్బరితోట (సాయంత్రం 5:00)

అలాగైతే ఐదు రోజుల నియమం వద్దు, నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క మ్యాపు మాత్రం పెట్టిన వాళ్లెవరైనా సరే, నాతో సహా, 51లో ఎన్నో రాయకపోతే పోస్టు తీసేయమని అడుగుతాను. కాకినాడ తమ్ముడూ, మార్చి 8 నుంచి 15 దాకా తణుకు పగటి ఉష్ణోగ్రత 35 దాటేవి 51లో ఎన్నో చూసి పెట్టగలవా?

కాకినాడ తీరం (సాయంత్రం 5:20)

రేపు మధ్యాహ్నం కొత్త లెక్క వస్తుంది, రాగానే ఇక్కడే పెడతాను. తణుకు గారూ, మీ కాలవ వంతు ఏ రోజుకి చెప్పుకోవాలో చెప్పండి, దానికి ముందు రోజు మళ్లీ చూస్తాను.

తణుకు ఆకుమడి (సాయంత్రం 5:35)

గురువారం లోపు చెప్పుకోవాలండి.